జీతం వచ్చేదాకా నాదైన పని

నెల్లూరు,
11 జూలై 1965, ఆదివారం.

చిరంజీవి కామాక్షయ్యకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మీ నాయన, నేను, నేడో రేపో ఈనబోయే ఎర్రావు, అందరం క్షేమం. నువ్వూ మద్రాసులో క్షేమంగా ఉన్నావని నీ ఉత్తరం చెప్పింది. ఇంతవరకూ పద్ధతి ప్రకారం రాశాను. ఇక మిగతాదంతా కోపంతో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా కనిపిస్తే వయసు మీదపడిందనుకోకు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ నాయన మోకాలి నొప్పి తగ్గింది. వెంకటాచలంలో మన పొలానికి కాలవ నీళ్లు సరిగా వదలడం లేదని రోజూ ఎవరితోనో ఒకరితో పోట్లాడి వస్తున్నారు. ఆ పోట్లాటే ఆయనకు మందులాగా పనిచేస్తోంది. నువ్వు పంపిన గాలి పంపు అందింది. పాత బాస్కెట్‌బాల్ బంతులు రెండూ మళ్లీ లేచి కూర్చున్నాయి. వేరుసెనగ ఉండలు చేసి పెట్టాను, మద్రాసు వచ్చేవాళ్లు ఎవరైనా దొరికితే పంపిస్తాను.

మూడో ప్రశ్న నవ్వుతూ అడిగావు. "మీ ఆడపిల్లలు ఇంకా బంతి నేలకు కొట్టకుండానే ఆడుతున్నారా?" అని. ఆడుతున్నారు నాయనా. ఎందుకో నీకు తెలుసు, మద్రాసు గచ్చు మీద తిరిగి మరిచిపోయినట్టున్నావు. మా కాలేజీ వెనక నేలంతా ఇసుక. బంతి కొడితే అక్కడే చతికిలబడుతుంది, పైకి లేవదు. సిమెంటు వేయించండయ్యా అని కమిటీని అడిగితే, "ఆడబిడ్డలు పడి మోకాళ్లు చెక్కుకుంటే వాళ్ల తల్లిదండ్రులకు ఏం చెప్పేది?" అన్నారు. సరే, బంతిని నేలకు తగలనివ్వకుండానే ఆడదామన్నాను. చేతిలోంచి చేతిలోకి, పట్టీ పట్టకముందే ఇంకొకరికి. పోయినేడు తిరుపతిలో యూనివర్సిటీ పోటీల్లో ఏమయింది? గచ్చు మీద నేర్చుకున్న జట్లు బంతిని బాదుకుంటూ నింపాదిగా వస్తుంటే, మా పిల్లలు నాలుగు చేతులు మార్చి బుట్టలో వేసి వెనక్కి తిరిగేవాళ్లు. సూళ్లూరుపేట పక్కన పులికాటులో చేపలు పట్టే వాళ్ల బిడ్డ అంకాలమ్మ, తల తిప్పి చూడకుండానే బంతి వెనక్కి అందించేది. ఎదుటి జట్టు కోచ్ ఒకాయన నా దగ్గరకు వచ్చి, "మీ కోచ్ గారెక్కడమ్మా, ఒకసారి మాట్లాడాల" అన్నాడు. నేనే అన్నాను. ఆయన నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు.

ఇక నీ ఉత్తరంలో ఆఖరి పేరా. నువ్వు రాసిన మాటలే నీకు మళ్లీ వినిపిస్తాను. "అమ్మా, మీ కాలేజీలో కొత్తగా బాస్కెట్‌బాల్ కోచ్ ఉద్యోగం మంజూరయిందట. నన్నే తీసుకుంటామని సెక్రెటరీ గారు కబురు పంపారు. రెండేళ్లు ఆడపిల్లలను చూసుకుంటే, ఆ అనుభవంతో ఇక్కడ మగవాళ్ల జట్టుకు వచ్చేయవచ్చు. నీకూ ఎండలో నిలబడే బాధ తప్పుతుంది."

ఆ ఉద్యోగం వచ్చిందని నాకు తెలిసింది నీ ఉత్తరం వల్లనే. ఆ మాట నువ్వు ఊహించి ఉండవు, అందుకే నిన్ను ఏమీ అనను. కానీ మిగతావాటికి అంటాను. నాకు ఎండ బాధ అని నీకెవరు చెప్పారు? నేనెప్పుడైనా చెప్పానా? జట్టు లేని వేసవి సెలవుల్లో నాకు వచ్చే తలనొప్పిని చూశావుగానీ, ఎండలో నిలబడినప్పుడు నాకేమైనా వచ్చిందా?

ఆ "రెండేళ్లు" అన్నమాట ఇంకా గుచ్చుతోంది. మగవాడు కోచింగు మొదలుపెట్టేటప్పుడు ఆడపిల్లల జట్టు కావాలి. అక్కడ తప్పులు చేసి, వాళ్ల మీద పని నేర్చుకుని, కప్పు ఒకటి వస్తే దాన్ని చంకన పెట్టుకుని మగవాళ్ల జట్టుకు పోవాలి. అక్కడినుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి. పోయినవాడు వెనక్కి చూడడు. ఆడపిల్లలు మళ్లీ కొత్తవాడి కోసం మొదటినుంచి మొదలుపెట్టాలి. మరి ఆడది కోచింగు చేస్తే ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. డ్రిల్లు టీచరుగా చేరుతుంది, డ్రిల్లు టీచరుగా దిగిపోతుంది. మధ్యలో చేసిందంతా పిల్లల మీద ప్రేమకొద్దీ చేసినట్టు లెక్క. సాయంత్రాలు నేను చేసిన పనికి ఇన్నాళ్లూ పేరు లేదు, జీతం లేదు. అంతకాలం ఆ పని నాది, ఎవరూ అడగలేదు. సర్కారు దానికి ఒక పేరు పెట్టి జీతం పంపిందో లేదో, అది మగవాడి పనైపోయింది. ఆ మగవాడు నా కడుపున పుట్టినవాడు కావడం ఇంకొక వింత.

నీ ఉత్తరం చేతపట్టుకునే సెక్రెటరీ హజరత్తయ్య గారి రైసు మిల్లుకు పోయాను. ఆయన గుమాస్తా చేత కుర్చీ వేయించాడు, సోడా తెప్పించాడు. నేను శుభవార్తకు కృతజ్ఞత చెప్పడానికి వచ్చాననుకున్నాడు.

"ఏమ్మా శేషమ్మా, సంతోషమేనా? నీకు చెప్పకుండానే చేసినాం, తెలిసినాక మురిసిపోతావని."

"నాది నాకియ్యకుండా ఇంకొకరికిచ్చి, మురిసిపొమ్మంటే ఎట్లయ్యా?" అన్నాను.

ఆయన నిజంగానే తికమకపడ్డాడు. అది నటన కాదు. "ఇంకొకరికి యాడిచ్చినాం? నీ కొడుక్కే గదమ్మా ఇచ్చినాం. బయటోళ్లు ఎంతమంది అడిగినారో తెలుసా? ఇన్నేళ్లు చాకిరీ చేసినావు, నీ చేతిలోది నీ ఇంట్లోనే ఉండాలని గదా పట్టుబట్టి చేయించింది నేను. మా ఊళ్లో కరణీకం అట్నే గదా, తండ్రి తర్వాత కొడుక్కి."

చూశావా, ఆయన నాకు అన్యాయం చేస్తున్నానని అనుకోలేదు. మేలు చేశాననుకున్నాడు. కరణం పని తండ్రి నుంచి కొడుకుకు దిగినట్టు, నా జట్టు నీకు దిగుతుందనుకున్నాడు. నన్ను నేరుగా కాదంటే పోట్లాడవచ్చు. ఇట్లా నెత్తిన పూలు చల్లి లాక్కుంటే ఏం చేయాలి?

"అయ్యా, మీ ఊరి కరణం బతికుండి, కలం చేతబట్టి లెక్కలు రాస్తా ఉండంగానే కొడుకును తెచ్చి కూర్చోబెట్టినారా?" అన్నాను. "మీ మిల్లు రేపే మీ పెద్దోడికి ఇచ్చేయండి. మీరు మూల కూర్చుని గోనెసంచులు కుట్టండి. మీ ఇంట్లోదే గదా, ఏం తేడా?"

గుమాస్తా దగ్గు వచ్చినట్టు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. హజరత్తయ్య గారికి మొహం ఎర్రబడింది. "నిన్ను పొమ్మన్నామా తల్లీ? నువ్వూ ఉండు. పోటీలకు పోయినప్పుడు పిల్లోళ్లను చూసుకోను ఆడమనిషి కావాల. ఆట అబ్బాయి చెప్తాడు, నువ్వు వాళ్ల కాడ ఉండు."

నా జట్టుకు నన్నే ఆయాను చేశారు. సోడా తాగకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చి మీ నాయనకు చెప్తే, అన్నం కలుపుకుంటూ, "ఎవురి జీతమైతే ఏందిలే, ఈ ఇంటికేగదా వచ్చేది" అన్నారు. నేను చారు గిన్నె ఆయన ముందు పెట్టిన శబ్దానికి పక్కింటివాళ్లు కిటికీ తెరిచారు. తెల్లారి పొలానికి పోతూ గుమ్మంలో ఆగి, "నేనేం నీకు అడ్డం రానులే. కానీ వాడు బాధపడతాడేమో చూసుకో" అన్నారు. ఆయన నోటినుంచి వచ్చిన మాటల్లో అది గొప్పదే.

కమిటీ కూర్చునే రోజు పొద్దున ప్రిన్సిపాలు ఇందిరమ్మ గారు నన్ను పిలిచి తలుపు వేశారు. "శేషమ్మా, నీకు గెలుపు కావాలంటే ఒకే ఒక మాట చాలు. వయసులో ఉన్న మగవాడు ఆడపిల్లల మధ్య తిరగడం బాగుండదు, తల్లిదండ్రులు ఒప్పుకోరు అను. చర్చ ఉండదు, మరుక్షణం నీకిచ్చేస్తారు." నిజమే. మా కెప్టెను ప్రేమలీల కూడా చెప్పింది, "సార్ వస్తే మా నాయన ఆటకి పంపడు మేడం" అని. ఆ ఒక్క మాట అంటే ఈ ఉత్తరం రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

నేను అనలేదు. ఎందుకో విను. ఆడపిల్లలకు మగవాడు నేర్పకూడదని నేను ఈ రోజు గెలిస్తే, రేపు అదే మాటతో ఆడపిల్లలు మైదానంలోకే రాకూడదంటారు, పొరుగూరు పోటీలకు పోకూడదంటారు. ఆ మాటతోనే గదా ఇన్నేళ్లూ నాతో పోట్లాడింది వీళ్లు! వాళ్ల కత్తి తీసుకుని నేను పొడవను. నువ్వు మగవాడివని కాదు నా అభ్యంతరం. ఆ పని చేస్తున్న మనిషి అక్కడ నిలబడి ఉంది, ఆ మనిషిని అడగను కూడా అడగలేదు. అదీ నా అభ్యంతరం. ఇందిరమ్మ గారు తల పట్టుకుని, "నీ సిద్ధాంతాలతో నువ్వే ఓడిపోతావు" అన్నారు.

ఇప్పుడు చెప్పవలసింది చెప్తాను. రెండుసార్లు ఈ కాగితం పక్కన పెట్టి ఆవుకు కుడితి పెట్టి వచ్చాను.

కమిటీలో అందరి ముందూ, నీ పేరు కొట్టేయమని నేనే అడిగాను. నేను, నిన్ను కన్నదాన్ని. "అబ్బాయి పనికిరాడా?" అని ఒకాయన అడిగాడు. పనికొస్తాడు, ఆట బాగా తెలుసు, డిప్లొమా ఉంది, చెడ్డ అలవాట్లు లేవు అన్నాను. కానీ ఒక్క రోజు కూడా జట్టును నడపలేదు, నేను నడుపుతున్నాను, ఆ ఉద్యోగం నాకు కావాలి అన్నాను. ఇంకొకాయన మెల్లగా, "కన్నతల్లేనా?" అన్నాడు. నాకు వినబడాలనే అన్నాడు.

ఆర్డరు అప్పటికే నీకు టపాలో పంపేశారట, వెనక్కి తీసుకోవడం మర్యాద కాదట. ఇందిరమ్మ గారు పట్టుబట్టాక చివరికి ఒప్పుకున్నారు, నువ్వు చేరనని రాస్తే ఆ ఉద్యోగం నాకు ఇస్తారు. నువ్వు చేరితే నేను ఆయాను.

అందువల్ల అడుగుతున్నాను, చేరవద్దు. తల్లి అడిగింది కదా అని మాత్రం మానుకోకు. అట్లా మానుకుంటే ఇదీ హజరత్తయ్య గారి కరణీకమే అవుతుంది, కొడుకు దయతలచి తల్లికి ఇచ్చినట్టు. నేను చెప్పినదాంట్లో న్యాయం ఉందా లేదా అని చూడు. లేదనుకుంటే ఆర్డరు తీసుకుని రా. ఇంట్లో నీ కంచం నీకుంటుంది, చేపల పులుసు వండి పెడతాను. కానీ మైదానంలో బంతుల సంచి తాళంచెవి మాత్రం నా చేత ఇప్పించుకోలేవు, పోట్లాడి తీసుకోవలసిందే. మీ నాయన కాలవ దగ్గర నేర్చుకున్నదంతా నేను ఇక్కడ వాడతాను.

న్యాయం ఉందనుకుంటే హజరత్తయ్య గారికి చేరనని ఒక కార్డు రాసిపడేయి. ఆ తర్వాత సెలవు పెట్టి వారం రోజులు రా. ఈసారి తిరుపతిలో పొడుగాటి పిల్లలతో ఆడవలసి వస్తుందని విన్నాను. మా అంకాలమ్మ, ప్రేమలీల ఇద్దరూ నీ భుజం దాకా కూడా రారు. బుట్ట కింద చేతులు పైకెత్తి నిలబడేవాడు ఒకడు కావాలి నాకు. వాళ్లు నీ మీదుగా బంతి వేయడం నేర్చుకోవాలి. ఈల మాత్రం నేను వేస్తాను.

ఇట్లు,
నిన్ను కని, ఆ జట్టును కట్టిన
మీ అమ్మ
వెంకటశేషమ్మ