గీత దగ్గర నవ్వు

డిసెంబర్ 6
మా ఆవిడను ఆస్పత్రి నుంచి తెచ్చాం. కుడి కాలు, కుడి చెయ్యి స్వాధీనంలో లేవు. మాట లేదు. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. మీరు మాత్రం ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి పెద్దాయనా అన్నాడు. మా ఇంట్లో మాటల డిపార్ట్‌మెంట్ ఆవిడది.

డిసెంబర్ 8
పొద్దున్నుంచీ పక్కన కూర్చున్నాను. ఎండ బాగా కాస్తోంది అన్నాను. అంతే.

డిసెంబర్ 11, సాయంత్రం 4
ప్రతి డిసెంబరులో లాగే అటక మీంచి రికార్డు ప్లేయరు దించాను. మాకున్నది ఒక్క క్రిస్మస్ పాట. పెళ్లయిన ఏడాది, నేను రికార్డుల షాపులో పార్సిళ్లు కట్టేటప్పుడు, గీత పడిందని ఓనరు ఊరికే ఇచ్చేశాడు.

పాడినాయన గొంతు వెన్నపూస. క్రిస్మస్ తాతలా గొంతు మార్చి, ఎవరింట్లోనో అలమరాలో ఇరుక్కుపోయానని వేషాలు వేస్తాడు. మధ్యలో తుమ్ముతాడు. తన తుమ్ముకి తనే పకపకా నవ్వుతాడు. ఇంగ్లీషు మాటలు నాకు సగం అర్థం కావు. నవ్వు పూర్తిగా అర్థమవుతుంది.

గీత సరిగ్గా ఆ నవ్వు దగ్గరే. రికార్డు మీద ముల్లు అక్కడే ఇరుక్కుని, ఆ నవ్వే మళ్లీ మళ్లీ వస్తుంది. ఆవిడ వంటింట్లోంచి వచ్చి నేల మీద ధనామని తన్నేది. ముల్లు ఎగిరి ముందుకు పోయేది. మెల్లగా, కింద మనుషులున్నారు అనేవాణ్ణి. మీరు సిగ్గుపడుతూ కూర్చోండి, ఆయన్ని నేను విడిపిస్తాగా అనేది. నలభై రెండేళ్లు ఇదే.

డిసెంబర్ 12
ఇప్పుడు తన్నేదెవరు? ముల్లు ఇరుక్కుంటే ఆవిడకు తన కాలు గుర్తొస్తుందని భయపడ్డాను. షాపులో నేర్చిన కిటుకు ఒకటుంది. ప్లేయరులో ముల్లున్న చెయ్యి మీద చిల్లర బిళ్ల పెట్టాను. ఆ బరువుకి గీత దాటేసింది. తుమ్ము, ఒక్క నవ్వు, పాట నున్నగా వెళ్లిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది.

డిసెంబర్ 13
ఆవిడ ఏమీ తినలేదు.

డిసెంబర్ 15
కూతురు వచ్చింది. పాట విని, ఇదేంటి నాన్నా, మన క్రిస్మస్ తాత ఇంత తొందరగా నవ్వాపేశాడు, ఒంట్లో బాగాలేదా అంది. గ్లాసు కడిగే వంకతో వంటింట్లోకి వెళ్లాను.

డిసెంబర్ 16
రోజంతా ఆ బిళ్ల వైపు చూశాను. కింది వాటాలో దర్జీ కుట్టు మిషను ఆగకుండా నడుస్తోంది.

డిసెంబర్ 17, ఉదయం 10
బిళ్ల తీసేసి పాట పెట్టాను. తుమ్మాడు. నవ్వాడు. నవ్వాడు. నవ్వాడు. ఆవిడ కళ్లు నా కాళ్ల మీదే ఉన్నాయి. డెబ్భై నాలుగేళ్లొచ్చాయి, ఒకరికి వినపడేలా నడిచి ఎరగను. చెవులు వేడెక్కాయి. కళ్లు మూసుకుని తన్నాను. గూట్లో గ్లాసులు గలగలమన్నాయి. మడమ కలుక్కుమంది. కింద మిషను ఆగిపోయింది. ముల్లు మాత్రం కదల్లేదు.

దర్జీ మెట్లెక్కి వచ్చాడు. ఏం పడింది బాబాయ్ అన్నాడు. ఏమీ పడలేదు, నేనే తన్నాను అన్నాను. ఎగాదిగా చూశాడు. మీరా, ఇన్నేళ్లూ ఇది పిన్నిగారి పని కదా అన్నాడు.

అతను చూస్తుండగానే మళ్లీ తన్నాను, ఇంకా గట్టిగా. ముల్లు ఎగిరింది.

ఆవిడ పెదాలు ఒక పక్కకి లాగుతూ కదిలాయి.

మెల్లగా, అంది.

డిసెంబర్ 18
ఆవిడ ఆ పాట పదకొండు సార్లు పెట్టించింది. మడమ వాచి తన్నలేకపోయాను. నవ్వు ఇరుక్కుంది. కింది నుంచి దర్జీ గజంబద్దతో పైకప్పును ఒక్క పోటు పొడిచాడు. పాట ముందుకు పోయింది.