బోడగట్టు బోరింగుకు గంటతాడు

బోడగట్టు, 12-1-2009

నారాయణఖేడ్‌లో చేతిపంపుల పని చూసే ఇంజనీరు గారికి, కంగ్టి మండలం బోడగట్టు నివాసి హనోకు, వయసు 66, రాసుకొనునది.

అయ్యా,

విషయం: మా బోరింగుకు తాడు తిరిగి కట్టుకొనుటకు అనుమతి గురించి.

1. మా వాడలో ఇండ్లు ముప్పై ఒకటి. దసరా తర్వాత సత్తువ ఉన్నవారంతా చెరుకు కొట్టడానికి పోయారు. ఉగాదికి వస్తారు. ప్రస్తుతం ఉన్నది పద్నాలుగు మందిమి. అందరిలో చిన్నవాడిని నేనే.

2. సదరు బోరింగు హ్యాండిల్ బలమైన మనిషి కోసం చేసినది. గ్రేసమ్మ (72) దాని మీద వాలి పడుకున్నా కిందికి దిగలేదు. ఆమె ముప్పై ఏళ్లుగా మా చర్చి గంట కొడుతున్నది. "గంటకు తాడున్నది, గుంజి కూసుంటే మోగుతది. గీ బోరింగుకేమైంది?" అని అడిగింది. హ్యాండిల్‌కు నాలుగడుగుల ఇనుప పైపు తొడిగి, చివర పాత గంటతాడు కట్టాము. స్టూలు మీద కూర్చుని గుంజితే, కీర్తన రెండు చరణాలకు బిందె నిండేది. రిబ్కమ్మ (78) సాగదీసి పాడుతుంది కనుక ఆమెకు ఒక్క చరణం చాలు.

3. తాడు కట్టక ముందు ఏడాదికి మూడు వాషర్లు పోయేవి. కట్టిన రెండేళ్లలో పోయినది ఒకటి.

4. ఈ నెల 5న మెకానిక్ శాంతకుమార్ వచ్చాడు.

"గిదేంది?"

"తాడు బిడ్డా."

"డిజైన్ల తాడు లేదు."

"డిజైన్ల ముసలోళ్లు ఉన్నరా?" అని రిబ్కమ్మ అడిగింది.

మెకానిక్ పైపు, తాడు జప్తు చేసి మోటారు సైకిల్‌కు కట్టుకుపోయాడు.

5. అప్పటి నుంచి కిలోమీటరున్నర దూరంలోని వాగు ఇసుకలో తవ్విన చెలిమె నుంచి నీళ్లు మోస్తున్నాం. మనిషికి రోజుకు ఒక్క బిందె. నిన్న గ్రేసమ్మ దారిలో పడింది. మోకాలికి కట్టు, బిందెకు సొట్ట. ఆమె బిందె గురించే ఏడ్చింది.

6. డిజైనులో తాడు లేకపోవడమే అడ్డు అయినచో, తాడు ఉన్న డిజైను జతచేయడమైనది. గ్రేసమ్మ చర్చి క్యాలెండరు వెనుక గీసినది. అందులో బోరింగు కంటే మనిషి పెద్దగా ఉన్నది. కొలత తప్పని చెప్పితిమి. "మనిషిని చూసి బోరింగు చెయ్యాలె" అని, దిద్దడానికి ఆమె ఒప్పుకోలేదు. కావున అట్లే పంపుతున్నాము. దానిపై తమ ముద్ర వేయించగలరు.

గ్రేసమ్మ మళ్లీ బిందె ఎత్తక ముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
హనోకు
(మిగతా పదమూడు మంది వేలిముద్రలు వెనుక)

తా.క.: కవరు అంటించే ముందు ఒక సంగతి తెలిసింది. మనూర్‌లో చుట్టాలింటికి పోయిన రిబ్కమ్మ ఇప్పుడే ఆటో దిగింది. అక్కడి బోరింగుకు మా పైపు, మా తాడు ఉన్నాయట. గ్రేసమ్మ వేసిన మూడు ముళ్లూ అట్లే ఉన్నాయట. స్టూలు మీద కూర్చుని గుంజుతున్నది చెన్నబసమ్మ, శాంతకుమార్ తల్లి. "నోడక్కా, ఇటు చూడు, నా నడుము నొప్పి చూసి మా శాంతు చేసిండు" అని మురిసిపోయిందట. మేము జగడానికి లేచాము. గ్రేసమ్మ వద్దన్నది.

"గామెను గుంజనియ్యి. మనకు గంట తాడున్నది. ఇంకో పైపు చూసి గదే కడదం. గంటను నేను గరిటెతోని కొడత."

కనుక పైపు, తాడు వాపసు అడగడం లేదు. ముద్ర మాత్రం రెండు కాగితాల మీద వేయగలరు. ఒకటి మనూర్‌కు.