మంచం నెంబరు చూసి సూది వేయడం గురించి

ఆదోని సుంకులాంబ సేవా ఆసుపత్రి పెద్ద డాక్టరు గారి సముఖమునకు,
కైరుప్పల గ్రామ రైతు దేవేంద్రప్ప రాసుకున్న అర్జీ.

విషయం: ఆడవాళ్ళ వార్డులో నరానికి సూదిమందు వేయునపుడు రోగి పేరు అడిగి వేయించుట గురించి.

అయ్యా,

నాది అయిదో తరగతి చదువు. అక్షరాలు వంకరగా ఉన్నా, తప్పులున్నా మన్నించి చదవవలెను. నోటితో చెప్పుకుందామని రెండు మార్లు తమ గది దాకా వచ్చి, తలుపు దగ్గర నిలబడి తిరిగి పోయినాను.

1. మా ఇంటామెకు చక్కెర జబ్బు. చేనులో కాలికి మేకు దిగి చీము పట్టినది. రోజుకు మూడు పూటలా పది దినాలు సూదిమందు పడితే కాలు నిలుస్తుంది, లేకుంటే పాదం తీసెయ్యాలని తమరే చెప్పినారు. ఈ పొద్దుకు ఆరో దినం.

2. ఆమెకు ఇచ్చిన ఏడో నెంబరు మంచానికి తలవైపు ఉత్తరం. మేము ఉత్తరానికి తల పెట్టి పండము. ఆమె రెండు దినాలు నిద్ర లేక కూచునే ఉన్నది. ఎదురు వరుసలో పన్నెండో మంచం షహనాజ్ అనే పాపది. పాప తల్లి ఫాతిమున్నీసమ్మ చూసి, "మాకు అట్లాంటిదేం లేదు పెద్దాయనా, ఈడ పండుకోనీ" అని మంచం ఇచ్చినది. మనుషులను మార్చుకున్నాము. మంచాలకు తగిలించిన కాగితాలు మార్చాలని తోచలేదు. ఇది నా తప్పే.

3. ఆ మధ్యాహ్నమే స్వప్న నర్సమ్మ ట్రే పట్టుకుని, మంచాల నెంబర్లు చూస్తూ సూదులు వేసుకుంటూ పోయినది. పాప మందు మా ఆమెకు, మా ఆమె మందు పాపకు పడినది. పాపకు ఏమీ కాలేదు. పాప మందు పెన్సిలిన్, మా ఆమెకు అది పడదు. ఆ సంగతి ఎర్రసిరాతో రాసిన కాగితం ఎదురు మంచానికి వేలాడుతున్నది. ఒళ్ళంతా దద్దులు లేచి, ఊపిరి ఆడక నా చెయ్యి గీరినది. డ్యూటీ డాక్టరు పరుగున వచ్చి బతికించినారు. వారికి దండము.

4. ఆఫీసు రామకృష్ణ సారు విచారణకు వచ్చి, "మంచం మార్సింది నువ్వు గదా, మమ్మల్నంటే ఎట్ల తాతా" అన్నాడు. మంచాలు మార్చరాదని బోర్డు కట్టినారు. పేరు మాత్రం ఇప్పటికీ అడగడం లేదు. చౌకదుకాణంలో బియ్యానికి పేరు చదివి, వేలిముద్ర పెట్టించుకుని ఇస్తారు. నరంలోకి పోయే మందుకు పేరు అడగరా అయ్యా?

5. నిన్న మా ఆమె చేతి నరం ఉబ్బి ఎర్రబడినా, నరానికి గుచ్చి ఉంచిన అదే గొట్టంలో మందు తోసినారు. ముందు కొంచెం ఉప్పునీళ్ళు పంపి, దారి బాగుంటేనే మందు వేయాలని డ్యూటీ డాక్టరే అన్నారు.

6. ఈ పొద్దు ఉదయం మా ఆమె చెయ్యి ఇవ్వలేదు. కొంగులో దాచుకుని, "నా పేరడిగితే ఇస్తా. మంచానికేసే సూది నాకొద్దు" అన్నది. నర్సమ్మ ట్రే తీసుకుని వెళ్ళిపోయినది. ఒక పూట తప్పినది. కాలు పోతుందని నేను బతిమాలితే, "నీకేంలే, నీ కాళ్ళు రెండూ బాగుండాయి" అంటాంది.

కావున ప్రతి పూటా పేరు అడిగి, కాగితంతో పోల్చి, ఏ మందో చెప్పి వేయునట్లు ఆర్డరు వేయవలెను. స్వప్న నర్సమ్మ ఉద్యోగం జోలికి పోవద్దు. ఆమె ఒక్కతే ముప్పై మందికి తిరుగుతాంది.

మధ్యాహ్నం రెండు గంటల సూది కంటే ముందే ఈ అర్జీని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దేవేంద్రప్ప

తా.క.: కాగితం మడిచేటప్పుడు చూసుకుంటే నేనూ ఆమె పేరు రాయలేదు. నలభై ఏండ్లలో పేరు పెట్టి పిలిచింది లేదు. ఆమె పేరు బసమ్మ. తమరే వచ్చి ఒక్కసారి అడిగితే చెయ్యి ఇస్తుంది. తొందరగా జవాబు చెప్పండి సారూ, బయట బెంచీ మీదనే ఉంటాను.