సూరిబాబు అన్న మొదటి రౌండు

శుక్రవారం రాత్రి, హోప్ టౌన్

మా పైలట్ సూరిబాబు అన్నని సాయంత్రం సమాధి చేసి వచ్చాం. గాల్లో ఉండగానే గుండె ఆగిందని, టూరిస్టులని తిప్పే ఇంజన్ గ్లైడర్ సముద్రంలో పడేసరికే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. అయినా మా యజమాని మాలిక్ దీవిలో అబర్డీన్ బజారంతా ఏమని చాటుతున్నాడు? "సోకు కోసం ఒక్కడే ఎగిరి నా మిషన్ ముంచాడు" అని!

సోకా? రోజూ మొదటి రౌండు అన్న ఒంటరిగానే వేసేవాడు. వెనక సీటులో బరువు కోసం నా చేత ఇసుక బస్తా కట్టించేవాడు. పెట్రోలు దండగని మాలిక్ ఎంత అరిచినా వినేవాడు కాదు. నిన్న పొద్దున ఒక టూరిస్టు, "జల్దీ భయ్యా, జహాజ్ వెళ్ళిపోతుంది" అంటూ ఓడ తొందరలో కూతుర్ని సీటులో కూర్చోబెట్టేశాడు. అన్న నవ్వుతూ దింపేశాడు.

"ముందు బస్తాగారు తిరిగి రావాలమ్మా. తర్వాతే నువ్వు."

ఆ రౌండు నుంచే అన్న తిరిగి రాలేదు. అన్న మీద కూడా కోపంగానే ఉంది. ముందు రాత్రంతా ఎడమ చెయ్యి లాగుతోందని వదినతో అన్నాడట. ఆస్పత్రికెళితే ఇక ఎగరనివ్వరని భయం. మొండి మనిషి. కానీ ఆ మొండితనమే లేకపోతే, మాలిక్‌కి భయపడి పాపని ఎక్కించుకునేవాడే కదా.

సమాధుల దగ్గరే మాలిక్ నన్ను పక్కకి లాగాడు. "పర్మిషన్ లేకుండా ఎగిరాడని రేపు పోలీసులకి చెప్పరా. నీ నౌకరీ పోకుండా నాదీ జిమ్మా."

"జరిగిందే చెప్తా మాలిక్."

నౌకరీ పోయినట్టే. పోనీ. ఆ పాప ఈపాటికి నడి సముద్రంలో, ఓడలో వాళ్ళమ్మ పక్కన నిద్రపోతూ ఉంటుంది. తనకేం తప్పిందో అర్థమయ్యే వయసు కాదు. మాలిక్‌ది మాత్రం అర్థమయ్యే వయసేగా…