భిక్షం మోకాలి కొలత

జూబ్లీహిల్స్, జూన్ 12

భిక్షం గారికి నమస్కారం.

వావిలాకు సారం మోకాలి వాపును తగ్గిస్తుందా లేదా అని చూసే మా పరిశోధనకు ఒప్పుకున్నందుకు కృతజ్ఞతలు. పూతమందు పొద్దున, సాయంత్రం రాయండి. రెండు వారాలకోసారి, గురువారం వచ్చి మోకాలు కొలిపించుకోండి. సంగతులన్నీ కాగితం మీదే రాయండి. ఫోన్లో చెప్పినవి ఫైల్లోకి ఎక్కవు.

ఇట్లు,
డాక్టర్ భువన

తా.క. మందు వాసన ఘాటుగా ఉంటుంది. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.

ఫిల్మ్‌నగర్, జూన్ 27

డాక్టరమ్మకు దండాలు.

మందు రాస్తున్న. వాపు అట్లనే ఉన్నది. నిన్న రెండంతస్తుల మీదికెళ్లి దుంకే సీను పడ్డది. అయినా మీ కొలత తప్పియ్యలే, ఫికర్ చెయ్యకుండ్రి.

మీ
భిక్షం

తా.క. వాసనకు మా ఇంటామె బాలమణి వాకిట్ల పంటున్నది. దోమలు సుత ఆమెతోనే పోయినయ్.

జూబ్లీహిల్స్, జూన్ 30

భిక్షం గారికి,

వాపు అలాగే ఉందని రాశారు. మా రికార్డులో మొదటిరోజు నలభై నాలుగు సెంటీమీటర్లు, మొన్న ముప్పై ఏడు. ఇంత తగ్గడం మేమెక్కడా చూడలేదు. నొప్పికి అలవాటుపడి మీకు తెలియడం లేదేమో.

ఇట్లు,
భువన

తా.క. మోకాలి పక్కనున్న పాత మచ్చ కూడా మాయమైంది. మా పెద్ద డాక్టర్ కమలాకర్ గారు దాని మీద విడిగా పేపర్ రాస్తానంటున్నారు.

ఫిల్మ్‌నగర్, జులై 2

డాక్టరమ్మకు,

మచ్చ యాడికీ పోలే, నా కాలు మీదనే ఉన్నది. షూటింగ్ ఉండెనని రహమత్ నగర్ లక్ష్మయ్యను పంపిన. నా ఎత్తు, నా బరువు, నా రంగు. మా లైన్ల ఒకరికి కుదరకుంటే డూపు పోతడు. గట్ల పంపుడు తప్పని ఇంతవరకు ఎవ్వరూ అనలే.

మీ
భిక్షం

తా.క. తన మోకాలును మెచ్చుకున్నరని లక్ష్మయ్య మస్తు ఖుషీగున్నడు. సర్టిఫికెట్ ఇస్తరా అని అడుగుతున్నడు.

జూబ్లీహిల్స్, జులై 4

భిక్షం గారికి,

మీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది, బాధ కూడా కలిగింది. మీ పేరు కొట్టేయమన్నారు కమలాకర్ గారు. పదో తారీకు గురువారం దాకా గడువు అడిగాను. వాచిన మోకాలితో ఇంకా దూకితే మీరు నడవలేని స్థితి రావచ్చు. లక్ష్మయ్య గారు ఎంత మంచివారైనా ఆయన మోకాలు నాకు అక్కర్లేదు. మీరే రావాలి.

భువన

తా.క. ఆ దూకే సీనుకు డూపును ఎందుకు పెట్టుకోలేదు?

ఫిల్మ్‌నగర్, జులై 7

డాక్టరమ్మకు,

నేనే డూపునమ్మా.

ఇరవై రెండేండ్ల సంది హీరోలు దుంకాల్సిన కాడ నేను దుంకుతున్న. తెర మీద నా వీపు పడ్డది గాని మొఖం పడలే. కన్నతల్లి సుత థియేటర్ల నన్ను గుర్తుపట్టలే. నాకు బదులు ఇంకొకడు వద్దు, నువ్వే రావాలె అన్నది మీరొక్కరే. ఆ మాట బాలమణికి రెండుసార్లు చదివి వినిపించిన. ఇద్దరికీ కండ్లల్ల నీళ్లొచ్చినయ్. గురువారం షూటింగ్ వద్దని చెప్పేసిన. నేనే వస్త.

మీ
భిక్షం

తా.క. మీ ఆఫీసు రెండో అంతస్తుల ఉన్నది, లిఫ్టు లేదు. నాకు దుంకుడైతే వస్తది గాని, మొన్నటి సంది ఎక్కుడు వస్తలేదు. జర టేపు పట్టుకొని మీరే కిందికి రాండ్రి.