నానమ్మ కర్రకు అల్లిన తాడు

త్రివేణీ,

ముందు అన్నం తిను. పప్పు కుక్కర్‌లో ఉంది. గ్యాస్ కట్టేశానో లేదో రెండుసార్లు చూశాను. తినేదాకా నానమ్మ చేతికర్ర వైపు చూడకు.

కర్ర పిడికి నువ్వు అల్లిన తాడు పొద్దున్న నేనే కత్తిరించేశాను. తడి తగిలి జారుతుందనీ, నానమ్మ పడితే తుంటి విరుగుతుందనీ భయం వేసింది. విప్పుదామని ఎంతసేపు వెతికినా కొస దొరకలేదు. మొదలూ చివరా కనబడకుండా ఎలా అల్లావే?

తీరా వట్టి కర్ర నానమ్మ చేతిలో నిలవలేదు. మంచం మీదే కూలబడింది. దెబ్బేం తగల్లేదు, కంగారుపడకు. "నా మనవరాలు కర్రకి జడేసింది. నువ్వు గుండు కొట్టీసినావేటే సుధా" అంది.

తర్వాత, నువ్వు పిడికి అలాగే తాడు అల్లిన మగ్గు పట్టుకుని తనే నీళ్లు పోసుకుంది. పక్షవాతం వచ్చాక ముడుచుకోని వేళ్లు ఆ ముడుల మీద ఒక్కొక్కటీ ముడుచుకున్నాయి. తలుపు దగ్గర అలాగే నిలబడిపోయాను. డాక్టరు బంతి ఇచ్చి పిసకమన్నా రానిది నీ తాడుతో వచ్చింది.

తెగిన ముక్క పర్సులో పెట్టుకుని అగ్రికో మార్కెట్‌కి వెళ్తున్నాను. అంతే లావు తాడు తెస్తాను. మళ్లీ అల్లిపెట్టు తల్లీ. ఎంత తిట్టినా పడతాను.

అమ్మ

రేపు కర్ర పట్టుకుని మెట్లు దిగి, కింద వరహాలమ్మ గారింటికి వెళ్తానంటోంది నానమ్మ. ఇప్పటినుంచే నాకు గుండెదడ. అయినా సరే అన్నాను.