గట్టురాయి కింద బొగ్గులు

వేముల, 1957 కార్తీకం, బుధవారం రాత్రి

ఈ రాత్రి కంటినిండా నిద్రపోతాను. నెల రోజులుగా మంచం కింద పెట్టుకున్న గొడ్డలిని ఇందాకే కట్టెల దగ్గర పడేసి వచ్చాను.

నాయన కాలంలో వంక పొంగి గట్టురాయి కొట్టుకుపోయింది. పక్క చేని ఓబులేసు మామ ఇప్పుడు మా వైపు జరిపి కొత్త రాయి నాటుదామన్నాడు. ముత్తాత నాటి చేను, జానెడు కూడా వదలనని నేను ఎగిరాను. మాటలు పోయి కట్టెల దాకా వచ్చింది.

ఈ పొద్దు మేమిద్దరం గట్టు దగ్గర ఉండగా నాయనను కన్న మా అవ్వే చేనికి వచ్చింది. "రాయి పోతే ఏంది? దాని కింద మీ పెద్దోళ్లు గుర్తుకు బొగ్గులు పూడ్చినారు. బొగ్గుకు చెద పట్టదు. ఈడ తవ్వండప్పా," అని కర్ర గుచ్చింది.

మోకాలి లోతులో బొగ్గులు బయటపడ్డాయి. మా వైపే, నాలుగు సాళ్లు లోపల. నాకు తలెత్త బుద్ధి కాలేదు.

"అట్లా నిలబడినావేంది అల్లుడా? పైరు నువ్వేసిందే కదా, శెనిక్కాయ పెరుక్కో. ఆ మీదట రాయి నాటుదాం," అన్నాడు మామ.

నాలుగు సాళ్లు పోయినా గుండె మీద బరువు దిగింది. ఒక్కటే గుచ్చుతోంది. అవ్వ వెతకలేదు, నేరుగా అక్కడికే నడిచింది. కొడుకు, మా నాయన, బతికున్నన్నాళ్లూ ఆమె ఆ బొగ్గుల మాటే ఎత్తలేదు.